ఈస్ట్ కలపని బీరు: బ్రసెల్స్ అటక మీద ఓ రాగి తొట్టి కథ

ముందే చెప్పేస్తున్నా, ఇది తాగమని చెప్పే వీడియో కాదు, చరిత్ర వీడియో. కాకపోతే ఈసారి చరిత్రని గ్లాసులో పోసి ఇచ్చారు, నేనేం చెయ్యను!

బ్రసెల్స్ మిడి రైల్వే స్టేషన్ నుంచి ఓ పది నిమిషాలు నడిస్తే, ఆండర్లెక్ట్ అనే పేటలో కాంటియాన్ అని ఒక చిన్న బ్రూవరీ ఉంది. 1900లో పాల్ కాంటియాన్, ఆయన భార్య మొదలుపెట్టారు. ఇప్పటికీ అదే కుటుంబం నడుపుతోంది.

మెట్లెక్కి పైకి వెళ్తే అటక. అక్కడ రాగితో చేసిన పెద్ద తొట్టి. వెడల్పు బాగా ఎక్కువ, లోతు తక్కువ, 7,500 లీటర్లు పడుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ రెండు వంతులు, మామూలు గోధుమలు ఒక వంతు. వీటి రసాన్ని పాతబడిన హాప్స్ పూలు వేసి గంటలకొద్దీ మరిగించి, రాత్రికి ఈ తొట్టిలోకి వదిలేస్తారు. బయటి చల్లగాలి వచ్చి తగులుతుంది. తెల్లారేసరికి రసం చల్లారుతుంది, గాల్లోనూ ఆ పాత చెక్కల్లోనూ ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియా అందులో చేరిపోతాయి. అంతే. ఎవరూ ఏమీ కలపరు! తర్వాత చెక్క పీపాల్లో ఏళ్లకొద్దీ ఉంచుతారు. దీన్నే లాంబిక్ అంటారు.

మనకిదేం కొత్త కాదు కదా. కల్లులో ఈస్ట్ ఎవరు వేస్తారు? పొద్దున్నే చెట్టు మీంచి దించితే తీపి, మధ్యాహ్నానికి పులుపు. మన ఎండకి గంటల్లో అయ్యే పని, అక్కడి చలికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు అసలు కథ. ఒకప్పుడు బీరు ఎందుకు పులుస్తుందో కాచేవాళ్లకే తెలీదు. పాత బ్యాచ్ అడుగున మిగిలిన మడ్డి కొత్తదాంట్లో వేసేవాళ్లు, లేదా ఇలా గాలికి వదిలేసేవాళ్లు. దీని వెనక సూక్ష్మజీవులున్నాయని చూపించిన పాశ్చర్, 1876లో బీరు మీద ఏకంగా పుస్తకమే వేశాడు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి మొత్తం సంతతిని పెంచాడు. ఇక ప్రతి బ్యాచ్‌కీ ఒకటే రుచి. కార్ల్స్‌బర్గ్ దాన్ని దాచుకోలేదు, వేరే బ్రూవరీలకి కూడా ఇచ్చింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో, ఓపెన్ సోర్స్ చేసేసింది. బీరు చెడిపోవడం తగ్గింది. ఇది మంచి పనే, హాన్సెన్‌ని విలన్ చెయ్యడం నాకిష్టం లేదు.

దెబ్బ మాత్రం లాంబిక్ వాళ్లకి పడింది. ఇరవయ్యో శతాబ్దంలో బ్రసెల్స్‌లో ఒక్కో బ్రూవరీ మూతపడింది. మిగిలినవాళ్లలో కొందరు తియ్యగా చేసి అమ్ముకున్నారు. కాంటియాన్ వాళ్ల అల్లుడు ఝాన్-పియేర్ వాన్ రోయ్ పులుపు తగ్గించలేదు. 1978లో బ్రూవరీనే మ్యూజియం చేశారు. ఒక పక్క కాస్తూనే ఉంటారు, ఇంకో పక్క జనం టికెట్ కొనుక్కుని చూస్తారు.

టూర్ అయ్యాక టేస్టింగ్. మొదటి గ్లాసు వట్టి లాంబిక్. నురగ లేదు, గ్యాస్ లేదు. నా ఫ్రెండ్ ఒక గుక్క తాగి, "ఒరేయ్, ఇది చింతపండు పులుసు రా!" అన్నాడు. రెండోది గూజ్. ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో పోస్తారు. లేతదాంట్లో మిగిలిన చక్కెర సీసాలోనే పులిసి గ్యాస్ పుడుతుంది. నిమ్మ, పచ్చి ఆపిల్, చివర్లో కొంచెం పాత చెక్క వాసన. నాకు ఇదే నచ్చింది. మూడోది పుల్ల చెర్రీలు నానబెట్టిన క్రీక్. రంగు బావుంది, అంతకుమించి చెప్పను.

మేం వెళ్లింది జూన్‌లో. పైన తొట్టి ఖాళీ. చలికాలంలో తప్ప కాయరు, ఎందుకంటే రాత్రి వేడిగా ఉంటే రసం సరిగ్గా చల్లారదు, అక్కర్లేని బ్యాక్టీరియా పెరుగుతుంది. 2015 నవంబరులో కూడా రాత్రులు చల్లబడక కాచడం ఆపేయాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలకి ఈ బాధ లేదు, చల్లార్చే మెషిన్లున్నాయి. వీళ్లు మెషిన్ పెడితే ఆ గాలి తగలదు. మేం బయటికొచ్చేసరికి ఎండకి నా టీషర్టు తడిసి ముద్దయింది.

మీ ఊళ్లో కల్లు కుండని ఎలా కడుగుతారు, అసలు కడుగుతారా? తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి. బై.