పెద్దలకు జ్వరం – ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

నాట్లు, కలుపుతీతల సమయంలో జ్వరం వస్తే చాలామంది ఒక మాత్ర వేసుకుని మళ్ళీ పొలానికి వెళ్తుంటారు. మామూలు వైరల్ జ్వరాలు కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. కానీ డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్, ఎలుక జ్వరం కూడా మొదట మామూలు జ్వరంలాగే కనిపిస్తాయి. ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది.

జ్వరాన్ని ఎలా కొలవాలి?

చేత్తో తాకి చూస్తే సరిగా తెలియదు. థర్మామీటరును నాలుక కింద ఉంచినప్పుడు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటే జ్వరంగా భావించాలి. టీ గానీ చల్లని నీళ్ళు గానీ తాగితే పావుగంట ఆగి చూడాలి. చంకలో పెడితే కొంచెం తక్కువ చూపిస్తుంది.

వెంటనే 108కి ఫోన్ చేయవలసిన లక్షణాలు

• మగత, పొంతన లేని మాటలు, ఫిట్స్
• ఆయాసం, ఛాతీ నొప్పి
• మెడ పట్టేయడం, భరించలేని తలనొప్పి
• చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం
• ఆగని వాంతులు, తీవ్రమైన కడుపు నొప్పి
• మూత్రం బాగా తగ్గిపోవడం, చేతులు కాళ్ళు చల్లబడటం

అదే రోజు డాక్టరును కలవవలసిన సందర్భాలు

• జ్వరం 103 డిగ్రీలు దాటినా, మూడు రోజులకు తగ్గకపోయినా
• చలి, వణుకుతో వచ్చి పోతూ ఉన్నా
• కళ్ళు పచ్చబడినా, ఒంటిపై దద్దుర్లు వచ్చినా
• గర్భిణులు, వృద్ధులు, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారికి జ్వరం వస్తే మూడు రోజులు ఆగకూడదు

పొలం పనివారు గమనించవలసినవి

స్క్రబ్ టైఫస్: పొదలు, గడ్డిలో ఉండే నల్లి జాతి చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. చంకలు, గజ్జలు, నడుము దగ్గర కాలిన మచ్చలాంటి నల్లటి పక్కు ఉందేమో చూడాలి. నొప్పి ఉండదు కనుక కంటపడకపోవచ్చు. అందరిలోనూ కనిపించదు. త్వరగా గుర్తిస్తే మందులతో నయమవుతుంది.

ఎలుక జ్వరం: ఎలుకల మూత్రం కలిసిన నీటిలో పుండ్లు, పగుళ్ళు ఉన్న కాళ్ళతో పనిచేస్తే సోకుతుంది. పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ముఖ్య లక్షణాలు.

డెంగీ: జ్వరం తగ్గగానే నయమైందనుకోవద్దు. తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజులే ఎక్కువ ప్రమాదం.

వడదెబ్బ: ఎండలో పనిచేస్తూ ఒళ్ళు కాలిపోయి, మాట తడబడితే జ్వరం మాత్ర పనిచేయదు. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేస్తూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇంటి వద్ద జాగ్రత్తలు

• విశ్రాంతి తీసుకోవాలి. గంజి, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తరచుగా తాగాలి.
• పారాసెటమాల్ 500 మి.గ్రా. మాత్ర ఆరు గంటలకొకటి వేసుకోవచ్చు. కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు డాక్టరును అడిగి వాడాలి.
• డెంగీ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాడకూడదు. వీటివల్ల రక్తస్రావం పెరగవచ్చు.
• పరీక్ష లేకుండా ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్‌లు అడిగి తీసుకోవద్దు. జ్వరం తాత్కాలికంగా తగ్గినా అసలు జబ్బు లోపల ముదిరిపోవచ్చు.

డాక్టరుకు ఏమి చెప్పాలి?

జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎంత వరకు వెళ్ళింది, ఏ మందులు వాడారు అనేవి చెప్పాలి. బురద పొలంలో గానీ పొదల్లో గానీ పనిచేసి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఏ రక్తపరీక్ష చేయించాలో డాక్టరు నిర్ణయించడానికి అది ఉపయోగపడుతుంది.