పాడిన పెట్టెలు - పాడైన పెట్టెలు

ఉగాది నాలుగు రోజులుందనగా ఇల్లు దులిపి గోడలకు సున్నం కొట్టించడం మన ఆనవాయితీ. పుట్టిన జిల్లాలు వదలి మూడు తరాలు గడిచినా చెన్నపట్నపు తెలుగు ఇళ్ళలో ఈ అలవాటు పోలేదు. ఆ సందడిలో అటక మీది నుంచి ఏదో ఒక పెట్టె కిందికి దిగుతుంది. అది మూత వదులైన గ్రామఫోను కావచ్చు, అద్దం పగిలిన రేడియో కావచ్చు, టేపు రికార్డరు కావచ్చు. “ఇది పాడదు, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం” అంటారొకరు. “తాతగారిది, ఉండనీయండి” అంటారు మరొకరు. అది ఎందుకు పాడడం మానిందో మాత్రం ఎవరూ అడగరు. ఆ సంగతి విన్నవించడానికే ఈ నాలుగు మాటలు. ఈ యంత్రాల జబ్బుల చరిత్రలో, పరాయి ప్రాంతంలో మన భాష మన ఇంట వినబడిన చరిత్ర కూడా కొంత కలిసి ఉంది.

మొదట వచ్చింది గ్రామఫోను. బల్లపరుపు ప్లేటు మీద ధ్వనిని గీసే పద్ధతిని ఎమిల్ బెర్లినర్ 1887లో కనిపెట్టాడు. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైన వారి పాటలు రికార్డు చేశాడు. 1908 నాటికి కలకత్తాలోనే ప్లేట్ల కర్మాగారం వెలిసింది. ఆ ప్లేటుకు ప్రాణం మన దేశపు లక్క. దానికి రాతిపొడి కలిపి అచ్చు పోసేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు పాడేది. రంగస్థల పద్యాలు ఆ మూడు నిమిషాల్లో ఇమిడినందువల్ల కపిలవాయి రామనాథశాస్త్రి వంటి వారి గొంతు రైలెక్కి పోయిన తెలుగువాని వెంట పోగలిగింది. కరెంటుతో పని లేదు, కీ ఇస్తే చాలు.

కీ ఇచ్చినప్పుడు డబ్బాలోని పొడవాటి ఉక్కు స్ప్రింగు చుట్టుకొని బిగుస్తుంది. అది విప్పుకొంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. వేగం మితిమీరకుండా గవర్నరు అనే చిన్న భాగం కాపలా కాస్తుంది. సన్నని స్ప్రింగుల మీద అమర్చిన మూడు గుండ్లు వేగానికి బయటికి పరచుకొని ఒక బిళ్ళను లాగుతాయి, ఆ బిళ్ళ తోలుముక్కకు రాసుకొని వేగం తగ్గుతుంది. ఇందులో వచ్చే జబ్బులు లెక్కపెట్టదగినన్నే. స్ప్రింగుకు పూసిన గ్రీజు గట్టిపడితే చుట్లు ఒకదానికొకటి అంటుకొని, ఒక్కసారిగా విడి, లోపల దడ్ మని కొడుతుంది. గవర్నరుకు నూనె లేకపోతే పాట ఒకచోట పరుగెత్తి ఒకచోట ఈడుస్తుంది. సౌండు బాక్సులోని అభ్రకపు బిళ్ళను పట్టి ఉంచే రబ్బరు ఎండిపోతే గొంతు గరగరలాడుతుంది. ప్లేటులోని రాతిపొడి ముల్లును అరగదీస్తుంది కనుక ప్రతి వైపుకూ కొత్త ముల్లు వేయాలన్నది నియమం. పొదుపు కోసం ఒకే ముల్లుతో పది పాటలు విన్న ఇళ్ళలో ప్లేట్లే అరిగిపోయాయి.

తరువాతి ఘట్టం రేడియో. ఇందులో చెన్నపట్నానికి ప్రత్యేక స్థానం ఉంది. సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో 1924లోనే ఇక్కడ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. 1927లో అది మూతబడగా 1930లో నగర కార్పొరేషను ఆ పని చేపట్టింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమై తమిళంతోపాటు తెలుగూ వినిపించింది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరు పొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమాలు మొదట నడిపింది ఇక్కడే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. పగలు ఇక్కడ అంతగా అందని మీడియం వేవ్ ప్రసారాలు చీకటిపడ్డాక ఆకాశపు పై పొరను తాకి దూరాలకు చేరతాయి. అందుకే మన పెద్దలు డాబా మీద ఏరియల్ కట్టి, రాత్రి భోజనాలయ్యాక విజయవాడ కోసం ముల్లు తిప్పుతూ కూర్చునేవారు.

ఆ రేడియోలు వాల్వులతో నడిచేవి. కొన్ని ఏ.సి., డి.సి. రెండింటికీ పనికివచ్చేవి. వాటిలో వాల్వుల తీగలన్నీ పూలదండలా ఒకే వరసలో ఉంటాయి. ఒక్కటి తెగితే అన్నీ ఆరిపోతాయి. వాటి ఇనుప చట్రానికి నేరుగా కరెంటు ఉండవచ్చు కనుక తెలియనివారు వెనుక అట్ట విప్పరాదు. అయితే పాత సెట్లను ఎక్కువగా చెరిపేవి వాల్వులు కావు, కండెన్సర్లు. మైనపు కాగితం కండెన్సరు పాటను ముందు వాల్వు నుంచి చివరి వాల్వుకు పంపుతూ, వందల వోల్టుల కరెంటును అడ్డుకోవాలి. తేమ తగిలి అది కారితే పాట చీలుతుంది, చివరి వాల్వు వేడెక్కి చెడుతుంది. గుర్రుమనే మోతను అణచడానికి పెట్టిన పెద్ద కండెన్సరు ఏళ్ళ తరబడి వాడకపోతే దానిలోని అల్యూమినియం రేకు మీది పలుచని పొర క్షీణిస్తుంది. అకస్మాత్తుగా కరెంటు ఇస్తే షార్టవుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చినది కాదు. పెరంబూరులో మా తాతగారి రేడియో పదిహేనేళ్ళు అటక మీద ఉంది. 1994 ఉగాదికి దానిని దింపాము. “విజయవాడ వస్తుందేమో చూడరా” అన్నారు తాతగారు. మా నాన్నగారు దుమ్ము తుడిచి తిన్నగా ప్లగ్గు పెట్టారు. రెండు నిమిషాలు గుర్రుమన్నది, మైనం కాలిన వాసన వచ్చింది, పొగ లేచింది. కండెన్సరు షార్టయి ట్రాన్స్‌ఫార్మరును కూడా కాల్చివేసింది. కొత్తది దొరకలేదు. ఒకప్పుడు సెంట్రల్ స్టేషను పక్కన మూరు మార్కెట్టులో పాత రేడియోల విడిభాగాలు వెతుక్కొనేవారు. అది 1985లో అగ్నికి ఆహుతయింది. చివరకు రిచ్చీ వీధి దగ్గర ఒక ముసలి మెకానిక్కు తీగ మళ్ళీ చుట్టి, కండెన్సర్లన్నీ మార్చి ఇచ్చాడు. రేడియో బాగయింది. కాని అప్పటికి రెండేళ్ళు గడిచాయి. వింటానన్న తాతగారు లేరు.

“ముందు ఒక బల్బు పెట్టి చూడవలసింది బాబూ” అన్నాడా మెకానిక్కు. మామూలు తీగ బల్బును రేడియోతో వరసలో కలిపి కరెంటు ఇవ్వడం ఆ వృత్తివారి పాత ఉపాయం. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు కాలకుండా బయటపడుతుంది. అంత చిన్న జాగ్రత్త మాకు తెలియలేదు.

1947లో పుట్టిన ట్రాన్సిస్టరు క్రమంగా వాల్వులను తొలగించింది. 1963లో వచ్చిన క్యాసెట్టు 1980 దశకంలో మన ఇళ్ళ నిండా చేరింది. వినడమే గాక ఇంట్లోవారి గొంతు దాచుకొనే వీలు చాలామందికి దానితోనే కలిగింది. మంగళహారతులు, పెళ్ళిపాటలు, దూరాన ఉన్న కొడుకుకు అమ్మ చెప్పిన మాటలు ఎన్నో ఆ సన్నని టేపు మీద ఉన్నాయి. యంత్రంలోని రబ్బరు బెల్టు సాగినా, హెడ్డుకు మట్టి పట్టినా టేపు పాడైందని అనుకొని పారవేస్తున్నాము. బెల్టు మార్చడం పూటపని. డబ్బా పగిలితే టేపును మరో డబ్బాలోకి మార్చవచ్చు. మా నాయనమ్మ పాడిన హారతులు అలాగే దక్కాయి.

కాబట్టి సోదర సోదరీమణులకు నా మనవి: ఈ పండుగకు అటక దులిపినప్పుడు దిగిన పెట్టెకు వెంటనే కరెంటు పెట్టకండి, తూకానికీ వేయకండి. లక్క ప్లేట్లను స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి నిలువుగా పేర్చండి. పని తెలిసిన మనిషిని వెతకండి. అటువంటివారు తగ్గిపోతున్నారు. పెట్టె బాగుపడిన రోజున అందులోని గొంతు ఎవరిదో చెప్పగల పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని వినండి.