కర్త యెవఁడు? క్రియ యేది?



భూమిపత్ర మొకటి చేతి కందినప్పుడు మన గ్రామపెద్దలు మొట్టమొదట నడుగున దేమి? ఇచ్చినవాఁ డెవఁడు, పుచ్చుకొన్నవాఁ డెవఁడు, అమ్మెనా, కుదువఁ బెట్టెనా యని గదా! బడిలో పంతులు కర్త, క్రియ యని చెప్పు పాఠ మింతకంటె వేఱు కాదు. అట్టిదానికి బాలురు బెదరుట నాకు వింతగాఁ దోఁచును.

కడప జిల్లాలో కమలాపురపు ప్రాంతమున ఎఱ్ఱగుడిపా డను గ్రామము కలదు. అచ్చటి రేనాటి చోళుల శాసనము క్రీస్తుశకము 6వ శతాబ్దినాఁటిది; తెలుఁగున వెలసిన మిక్కిలి ప్రాచీన శాసనములలో నొకటి. అదియును భూమిపత్రమే. దాత ఎరికల్ ముత్తురాజు. దానము పొందినవాఁ డొక బ్రాహ్మణుఁడు. సాక్షుల పేర్లును గలవు. అందు "ఇచ్చిన పన్నస" యను మాట లున్నవి. పన్నస యనఁగా దానముగా నిచ్చిన నేల. ఇందు క్రియ యేది యని యడిగినచో విద్యార్థి "ఇచ్చిన" యని తడవుకొనక చెప్పును. అది క్రియనుండి పుట్టినదే కాని వాక్యమును ముగింపఁజాలదు; పన్నసకు విశేషణమై దాని ననుసరించి యుండును. "ఇచ్చెను" అన్నఁగాని వినువానికిఁ దృప్తి కలుగదు. సమాపక క్రియకును తక్కిన క్రియారూపములకును గల భేదమును నేర్పుటకు ఇంతకంటె మంచి పలక నేనెఱుఁగను.

ఇట్టి సీమలో పూర్వము బాలురకు వాక్యము నెట్లు నేర్పిరి? 1823లో బళ్లారి కలెక్టరగు ఎ. డి. క్యాంబెల్ తన జిల్లా బడులనుగూర్చి ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. నేఁడు కర్నూలు జిల్లాలోఁ జేరిన ఆదోని నాఁడు బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో నాఁడు బడులు 533. చదువువారు 6,641 మంది. పిల్లలు పద్యములను వల్లించుటయే కాని అర్థ మెఱుఁగరనియు, కావ్యభాష వాడుకమాటకు దూరమగుటచే పెక్కుచోట్ల ఉపాధ్యాయునకును దెలియదనియు నాతఁడు వ్రాసెను. ఈతఁడే 1816లో తెలుఁగు వ్యాకరణమును ప్రకటించినవాఁడు గాన నీ మాటను త్రోసివేయరాదు. దొరల నివేదికలలోఁ గొంత తొందరపాటు లేకపోదు. ఐనను అర్థము లేని వల్లెవేఁతను మనలోఁ జూడనివా రెవరు?

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. మఱుసటి యేఁట నచ్చట నుచితముగాఁ జదువు చెప్పు బడులను పెట్టించెను. తరువాతఁ దన బంగళాలోఁ బండితులను గూర్చి, అయోధ్యాపురము కృష్ణారెడ్డి పర్యవేక్షణమున తాటియాకు ప్రతులను సరిచూపించి వ్రాయించెను. తాటియాకుపై మాటకు మాటకు నడుమ ఎడము లేదు. పదము లెచ్చట విఱుగునో తెలియవలె నన్న క్రియను పట్టుకొనవలసినదే. అందుచేతనే కావ్యములకు జూలూరి అప్పయ్య మొదలగు పండితులచేత నాతఁడు టీకలు వ్రాయించెను. 1840లో తన తెలుఁగు వ్యాకరణమును వెలువరించెను.

ఆ పండితుల పద్ధతి యేమి? పద్యములోఁ జెల్లాచెదరైన పదములలో మొదట క్రియను వెదకుదురు. "చూచెను" అని దొరకినచో, ఎవఁడు చూచెను, దేనిని చూచెను, ఎట్లు చూచెను అని దానినే ప్రశ్నింతురు. ప్రశ్నకొక్క పదము వచ్చి తన చోటఁ గూర్చుండును. అన్వయ మనఁగా నిదియే.

తెలుఁగునకు ఈ పద్ధతి మఱింత తగును. "వచ్చితిని" అన్నంతనే కర్త "నేను" అని క్రియయే చెప్పుచున్నది. వేఱుగా వ్రాయకున్నను లోటు లేదు. "మాది నంద్యాల" అన్నచో క్రియయే లేదు. ఇఁక "నాకు జ్వరము వచ్చినది" అనుచోఁ బిల్లలు బహుశః "నేను" కర్త యందురు. బాధపడువాఁడు నేనే కాని, వచ్చినది మాత్రము జ్వరము.

అన్నిటికంటెఁ జిక్కైనది మన మెట్టపొలముల వాక్యమే: "వాన కురిసి చేను పండెను." "చూచి వచ్చెను" అనునప్పుడు చూచినవాఁడును వచ్చినవాఁడును ఒక్కఁడే, రెండు క్రియలకు నొకే కర్త యుండుట నియమము. ఇక్కడ నది చెల్లలేదు. ఐనను, కర్నూలు నల్లరేగడిలోఁ బెరిగిన బాలుఁడు సూత్ర మెఱుఁగకయే, కురిసినది వాన, పండినది చేను అని వేఱుపఱుచును. నియమమును వానికి నేను తరువాతనే చెప్పుదును.