వాడ చరిత్ర – 7: వేపచెట్టు కింద విప్పిన లారీ ఇంజను



పోయిన భాగంలో మా తాత కుట్టిన మోట బొక్కెనల గురించి రాశాక ఒక ఇంజనీరింగ్ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, తోలు, డప్పు, చెప్పు సరే. యంత్రాల చరిత్రలో మనవాళ్ళు ఎక్కడున్నారు?" ఆ ప్రశ్న రెండు రోజులు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. జవాబు మా ఇంటి ముందే ఉంది. తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డీ చేసిన నేనే ఇన్నాళ్ళూ దాన్ని చరిత్ర అనుకోలేదు.

2003 ఎండాకాలం. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. నాన్నకి ఒక పాత టాటా 1210 లారీ ఉండేది. ఎన్నో చేతులు మారిన బండి, అదీ ఫైనాన్సులో కొన్నది. మాచర్ల వైపు నుంచి నాపరాళ్ళు తోలేవాడు. ఆ బండి అంకెలు చదవడం నాకు నాన్నే నేర్పాడు. 12 అంటే బండీ లోడూ కలిపి 12 టన్నులు. 10 అంటే సుమారు 100 హార్స్ పవర్. లోపలి ఇంజను 692, అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోటి 92 మిల్లీమీటర్ల వెడల్పు. దాని వంశం జర్మనీది. 1954లో టాటా వాళ్ళు బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసి, బండి ముక్కు మీది నక్షత్రం పోయింది. ఇంజను మాత్రం ఆ వారసత్వంతోనే దేశమంతా తిరిగింది.

నాన్న లారీలోకి ఎలా వచ్చాడు? ఊళ్ళో ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక మోట పోయింది. మోటతో పాటు తాత పనీ, ఆ పనికి ఏటా వచ్చే గింజలూ పోయాయి. పొలం లేదు. నాన్న టౌనులో ఒక లారీ షెడ్డులో చేరాడు. తొమ్మిదేళ్ళు చక్రాలు విప్పాడు, గ్రీజు తుడిచాడు. డీజిల్ పంపు విప్పే గది గుమ్మం మాత్రం దాటనివ్వలేదు. "నీకెందుకురా అది" అనేవాళ్ళట. చదువు విషయంలో మన పూర్వీకులు విన్న మాటే, గ్రీజు అంటిన నోటితో.

ఆ ఎండాకాలం బండి తెల్ల పొగ వదలడం, వేడెక్కడం మొదలుపెట్టింది. అదే షెడ్డుకి తీసుకెళ్తే, పంపు పోయింది, ఇంజను మొత్తం పని, చేయించలేకపోతే తుక్కుకి అమ్ముకో అన్నారు. రెండు కిస్తీలు అప్పటికే బాకీ. మూడోది దాటితే ఫైనాన్స్ వాళ్ళు బండి ఎత్తుకుపోతారు. నా ఇంటర్ ఫీజు కూడా ఆ బండి మీదే ఉంది.

నాన్న బండిని వేపచెట్టు కిందికి తెచ్చాడు. ఇంజను నడుస్తుండగా నోజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. బాగున్న సిలిండరుకి డీజిలు ఆగితే ఇంజను తడబడాలి. మూడో నట్టు, నాలుగో నట్టు వదిలితే శబ్దంలో తేడా రాలేదు. రేడియేటరు మూత తీస్తే నీళ్ళలో బుడగలు. "పంపు కాదు. హెడ్ గ్యాస్కెట్, మూడుకీ నాలుగుకీ మధ్య తెగింది" అన్నాడు. ఆ గది గుమ్మం బయట నిలబడి విన్న తొమ్మిదేళ్ళ చదువు అది.

విజయవాడ ఆటోనగర్ నుంచి మిస్త్రీ మామ వచ్చాడు, నాన్న స్నేహితుడు, ముస్లిం. మిస్త్రీ అనే మాట పోర్చుగీసు వాళ్ళ 'మెస్త్రె' నుంచి వచ్చింది. అర్థం గురువు. నాన్నకి నిజంగా గురువే. వేపకొమ్మకి చైన్ పుల్లీ కట్టి, ఆరు సిలిండర్లకూ కలిపి ఉన్న హెడ్డుని పైకి లేపారు. గ్యాస్కెట్ సరిగ్గా నాన్న చెప్పిన చోటే కాలి ఉంది. హెడ్డు వంగిందేమోనని టౌనుకి మోసుకెళ్తే, లేత్ మిషను ఉన్న కంసాలి బాబాయి పేసింగ్ చేసి డబ్బులు తర్వాత ఇమ్మన్నాడు.

నాకిచ్చిన పని వాల్వుల గ్రైండింగ్. పేస్టు రాసి, కర్రని రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. సరిగ్గా కూర్చుందో లేదో కిరోసిన్ పోసి చూడాలి, చుక్క కారితే మళ్ళీ మొదటికి. నా అరచేతులు బొబ్బలెక్కాయి. హెడ్డు ఎక్కించేటప్పుడు బోల్టులు మధ్య నుంచి అంచులకి, కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించాలని మామ చెప్పాడు. ఒక్కచోటే గట్టిగా బిగిస్తే హెడ్డు వంగుతుంది.

ఈ వ్యాసం మొదట రాసినప్పుడు అమ్మ ఇందులో లేదు. మళ్ళీ చదువుకుంటే సిగ్గేసింది. ప్రతి బోల్టునీ కిరోసిన్‌లో కడిగి, ఏది ఎక్కడిదో తప్పకుండా అట్టముక్క మీద వరసగా గుచ్చి పెట్టింది అమ్మే. ఆమెని ఎవరూ మెకానిక్ అనలేదు. నేనూ అనలేదు.

ఐదో రోజు సాయంత్రం గాలి తీసి డీజిలు ఎక్కించారు. బ్యాటరీ చచ్చిపోయింది. వాడంతా వచ్చి తోసింది. నాన్న రెండో గేరులో క్లచ్ వదిలాడు. ఇంజను దగ్గి, ఉమ్మి, నిలబడింది.

కథ ఇక్కడ ఆపితే అబద్ధమవుతుంది. మరుసటి వారం ఊరి పెద్ద రైతు ఒకాయన ట్రాక్టరు చూడమని కబురు పెట్టాడు. అంతకుముందు "ఒరే" అనే మనిషి, ఆ రోజు "ఏం మిస్త్రీ" అన్నాడు. పని అయ్యాక టీ ఇప్పించాడు. చూరులో దోపిన విడి గ్లాసులోనే.

1936 నాటి 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ వాదన ఇదే. కులం పనుల్నే కాదు, పనిచేసే మనుషుల్నీ మెట్ల మీద నిలబెట్టి విడదీస్తుంది. అందుకే పని మారినా మెట్టు మారదు. నైపుణ్యం పిలుపుని మార్చింది, గ్లాసుని మార్చలేదు. ఆ గ్లాసుని మార్చడానికి తర్వాత మా వాడ కుర్రాళ్ళు సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. అలాగని నైపుణ్యం వద్దని బాబాసాహెబ్ అనలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన మనిషి ఆయన. సాంకేతిక శిక్షణ ఆ శాఖ కిందే ఉండేది. మనం చేరే ఐటీఐల వెనకున్న పథకం 1950లో మొదలైంది. పంపు గది తలుపు పుట్టుకని బట్టి కాక దరఖాస్తుని బట్టి తెరుచుకోవాలంటే ప్రభుత్వ బడి కావాలి. ఐటీఐలు మూతపడుతుంటే మనం మాట్లాడాల్సింది అందుకే.

నా థీసిస్ కోసం 'మాలపల్లి' నుంచి ఈనాటి దళిత కథ దాకా చదివాను. నేను చదివినంతలో నాగలి ఉంది, డప్పు ఉంది, చెప్పు ఉంది. పానా పట్టుకున్న మనిషి ఎక్కడో ఒకచోట తప్ప కనిపించలేదు. మనల్ని గాయంగా రాసుకున్నాం, అది అవసరం. మన చేతి తెలివినీ రాసుకోవాలి.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ వాడలో వెల్డింగ్ చేసేవాళ్ళని, బోరు మోటార్లు చుట్టేవాళ్ళని, లారీ తోలినవాళ్ళని కూర్చోబెట్టి అడుగు. ఎవరు నేర్పారు? ఏ గదిలోకి రానివ్వలేదు? వాళ్ళ మాటల్లోనే రాసుకో. పక్కనే అమ్మ ఉంటే ఆమెనీ అడుగు. నేను ఆలస్యంగా అడిగాను.

జై భీమ్.