తనిఖీ యజమానిది... శిక్ష కూలీది

2008 మే 12. సోమవారం. ఉదయం పది గంటలు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పోస్ట్‌విల్ అనే చిన్న ఊరు. జనాభా రెండు వేల చిల్లర. ఊరికంతటికీ ఆధారం ‘అగ్రిప్రాసెసర్స్’ మాంసం ఫ్యాక్టరీ. యూదులు మత నియమాల ప్రకారం తినే కోషర్ మాంసాన్ని ఆ దేశంలో అప్పట్లో అందరికంటే ఎక్కువగా తయారుచేసే కంపెనీ అది. కోళ్లు కోసేవాళ్లు, ఎముకల నుంచి మాంసం ఒలిచేవాళ్లు, పెట్టెల్లో సర్దేవాళ్లు... ఎవరి పనిలో వాళ్లున్నారు.

ఉన్నట్టుండి ఆకాశంలో హెలికాప్టర్ల మోత. గేట్ల దగ్గర వరసగా ఆగిన వాహనాలు. దాదాపు 900 మంది ఫెడరల్ ఏజెంట్లు, పోలీసులు ఫ్యాక్టరీని చుట్టుముట్టారు. వాళ్ల దగ్గర 697 మంది మీద కేసుల కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ రోజు దొరికింది 389 మంది. అందులో 290 మంది గ్వాటెమాలా వాళ్లు, 93 మంది మెక్సికో వాళ్లు. మిగిలినవాళ్లు ఉక్రెయిన్, ఇజ్రాయెల్ దేశాలవాళ్లు.

సాయంత్రమయ్యేసరికి ఊళ్లోని సెయింట్ బ్రిడ్జెట్ చర్చి నిండిపోయింది. భర్త ఎక్కడున్నాడో తెలియని భార్యలు, బడి నుంచి వచ్చి అమ్మానాన్నల కోసం వెతుక్కుంటున్న పిల్లలు అక్కడే తలదాచుకున్నారు. చిన్నపిల్లలున్న కొందరు తల్లులను అధికారులు విడిచిపెట్టారు. అయితే, ఎక్కడికి వెళ్లినా జాడ తెలిసేలా వాళ్ల కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు బిగించారు.

పశువుల మైదానంలో కోర్టు

అరెస్టయినవాళ్లను బస్సుల్లో వాటర్‌లూ పట్టణానికి తరలించారు. అక్కడ పశువుల ప్రదర్శనలు జరిగే ‘నేషనల్ క్యాటిల్ కాంగ్రెస్’ మైదానం ఉంది. అందులోని డ్యాన్స్ హాలు రాత్రికి రాత్రి న్యాయస్థానమైంది. నిందితులను పదేసి మంది చొప్పున లోపలికి తెచ్చారు. చేతులకు, నడుముకు, కాళ్లకు గొలుసులు.

వాళ్ల మాటలను ఇంగ్లిషులోకి, జడ్జి మాటలను స్పానిష్‌లోకి మార్చడానికి దుబాసీలను పిలిపించారు. వాళ్లలో ఎరిక్ కామైడ్-ఫ్రెయ్‌క్సాస్ ఒకరు. ఫ్లోరిడాలో విశ్వవిద్యాలయ ఆచార్యుడు. రెండు దశాబ్దాలకు పైగా కోర్టుల్లో పనిచేసిన అనుభవం ఉన్నవాడు. అలాంటి దృశ్యం ఆయన ముందెన్నడూ చూడలేదు. గ్వాటెమాలా వాళ్లలో చాలామంది మాయన్ తెగల పల్లెవాసులు. చదువు రాదు. కొందరికి స్పానిష్ కూడా అంతంత మాత్రమే.

మామూలుగా ఇలా అనుమతి లేకుండా పనిచేస్తూ దొరికినవాళ్లను వాళ్ల దేశానికి తిప్పి పంపించేస్తారు. ఈసారి క్రిమినల్ కేసులు పెట్టారు. ఇంకొకరి సోషల్ సెక్యూరిటీ నంబరు (ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) వాడుకున్నారన్నది అభియోగం. రుజువైతే కనీసం రెండేళ్ల జైలు. ప్రభుత్వ న్యాయవాదులు రెండు దారులు చూపించారు. చిన్న నేరం ఒప్పుకుంటే ఐదు నెలల జైలు, ఆ వెంటనే దేశం నుంచి పంపివేత. ఒప్పుకోకపోతే బెయిలు లేకుండా నెలల తరబడి విచారణ కోసం జైల్లోనే ఎదురుచూపు, ఓడితే రెండేళ్లు. తేల్చుకోవడానికి గడువు వారం రోజులు. అక్కడ ఊళ్లో పిల్లలకు తిండి పెట్టేవాడు తనొక్కడే అయినప్పుడు, ఏ తండ్రి అయినా ఏ దారి ఎంచుకుంటాడు? 270 మంది ఐదు నెలల శిక్ష ఒప్పుకున్నారు. అంతా రెండు వారాల్లోపే ముగిసింది.

సోషల్ సెక్యూరిటీ నంబరంటే ఏమిటో కూడా వాళ్లలో చాలామందికి తెలియదని కామైడ్-ఫ్రెయ్‌క్సాస్ తర్వాత రాశాడు. కేసు గురించి దుబాసీ బయట నోరు విప్పకూడదన్నది వృత్తి ధర్మం. కేసులు ముగిశాక ఆయన ఆ మౌనాన్ని వీడి, సుదీర్ఘ వ్యాసం రాశాడు. అదే ఏడాది జులైలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చాడు.

మరి, చూడాల్సినవాళ్లు?

అసలు పనివాళ్ల కాగితాలను పరీక్షించాల్సింది ఎవరు? చట్టం సూటిగానే చెబుతోంది... యజమాని.

1986కి ముందు అమెరికాలో విచిత్రమైన పరిస్థితి ఉండేది. అనుమతి లేకుండా సరిహద్దు దాటి రావడం నేరం. అలా వచ్చినవాణ్ని పనిలో పెట్టుకోవడం మాత్రం ఫెడరల్ చట్టం దృష్టిలో నేరం కాదు. పనిలో పెట్టుకున్నంత మాత్రాన ఆశ్రయమిచ్చినట్టు కాదని 1952 నాటి చట్టంలోనే మినహాయింపు రాసుకున్నారు. 1986 నవంబరు 6న అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన కొత్త చట్టం దాన్ని మార్చింది. అప్పుడు పుట్టిందే ‘ఐ-9’ ఫారం. పనిలో చేరిన మూడు పనిదినాల్లోపు యజమాని ఆ మనిషి గుర్తింపు కాగితాలు, పని అనుమతి కాగితాలు చూసి సంతకం చేయాలి. ఫారాన్ని భద్రపరచాలి. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టకూడదు. ముఖం చూసి, యాస విని అదనపు కాగితాలు అడగకూడదు. పని అనుమతి ఉన్న వలసదారులకు ఈ నిబంధన రక్ష.

లొసుగు మరోచోట ఉంది. కాగితం పైకి అసలుదిలా కనిపిస్తే చాలు, యజమాని బాధ్యత తీరినట్టే. తెలిసే పనిలో పెట్టుకున్నాడని రుజువు చేస్తే తప్ప అతను దోషి కాడు. దాంతో కళ్లు మూసుకోవడమే లాభసాటి వ్యవహారమైంది.

పోస్ట్‌విల్‌లో కళ్లు తెరవమని హెచ్చరికలు రాకపోలేదు. మీ పనివాళ్ల పేర్లూ నంబర్లూ సరిపోవడం లేదంటూ సోషల్ సెక్యూరిటీ కార్యాలయం ఆ కంపెనీకి పదే పదే ఉత్తరాలు రాసిందని దాడికి ముందు అధికారులు కోర్టుకు తెలిపారు. 2007 చివరి మూడు నెలల్లో జీతాల పట్టీలో ఉన్న 968 మందిలో 76 శాతం మంది నంబర్లు అనుమానాస్పదమేనన్నారు. అంటే పట్టీ మీద సంతకం చేసే ప్రతిసారీ ఆ అబద్ధం ఆఫీసు బల్ల మీదుగానే వెళ్లింది.

దాడి తర్వాత కొందరు సూపర్‌వైజర్లు, హెచ్‌ఆర్ విభాగంవాళ్లు నేరం ఒప్పుకున్నారు. కంపెనీని నడిపిన షోలొమ్ రుబాష్కిన్ 2009 నవంబరులో 86 అభియోగాల్లో దోషిగా తేలాడు. అయితే అవి ప్రధానంగా బ్యాంకు మోసాలకు సంబంధించినవి. 27 ఏళ్ల శిక్ష పడింది. 2017 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ దాన్ని తగ్గించడంతో విడుదలయ్యాడు. అనుమతి లేనివాళ్లను పనిలో పెట్టుకున్నాడన్న 72 అభియోగాలపై అసలు విచారణే జరగలేదు. బ్యాంకు కేసు గెలిచాక ప్రభుత్వమే వాటిని ఉపసంహరించుకుంది.

ఆలస్యంగా వచ్చిన తీర్పు

2009 మే 4. ఇల్లినాయిలోని ఓ ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మెక్సికో కార్మికుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ నంబరు నిజంగా మరో మనిషిదని నిందితుడికి తెలుసని రుజువు చేస్తేనే రెండేళ్ల శిక్ష చెల్లుతుందని తేల్చింది. పోస్ట్‌విల్ కూలీల మెడమీద వేలాడదీసిన కత్తి సరిగ్గా ఆ రెండేళ్ల శిక్షే. కానీ అప్పటికే ఆ ఐదు నెలలు గడిచి ఆర్నెల్లు దాటిపోయింది.

ఈ కథ మనకు దూరం కాదు. అమెరికాలో ఉద్యోగంలో చేరిన ప్రతి తెలుగు కుర్రాడూ ‘ఐ-9’ నింపినవాడే. చదువయ్యాక స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్నాలజీ విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి) పొడిగింపు మీద పనిచేయాలంటే, పని అనుమతిని ప్రభుత్వ రికార్డులతో సరిచూసే ‘ఈ-వెరిఫై’లో నమోదైన కంపెనీలోనే చేరాలి. ఇక గల్ఫ్ సంగతి కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. అకామా (నివాస అనుమతి) రెన్యువల్ చేయించాల్సింది కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని. అతను చేయించకపోతే ఖల్లివెల్లి (అనుమతి లేనివాడు) అయిపోయి పోలీసులకు దొరికేది మనవాడు.

చట్టం ఒక బాధ్యతను యజమాని భుజాన పెట్టినప్పుడు, అది తప్పితే మొదటి నోటీసు వెళ్లాల్సింది కూడా ఆ యజమానికే. హెచ్చరికలు అందాక కూడా కదలని కంపెనీ ‘నాకు తెలియదు’ అంటే ఆ మాట కోర్టులో చెల్లకూడదు. పనివాడిని వెనక్కి పంపాల్సే వస్తే, ముందు అతనికి రావాల్సిన కూలి లెక్కగట్టి చేతిలో పెట్టాలి. ఈ మూడూ చేయని ప్రభుత్వం ఎంతమంది ఏజెంట్లను పంపినా, శిక్షించేది నేరాన్ని కాదు, పేదరికాన్ని.