దవడ ఎముక పునర్నిర్మాణ పరికరాలు: చారిత్రక వికాసం

విరిగిన ఎముక అతుక్కుంటుందని మీకు తెలుసు. కాని మధ్యలో ఒక ముక్కే పోతే? గాయం వల్లగాని, గడ్డను తొలగించడం వల్లగాని కింది దవడలో కొంత భాగం పోయిన వ్యక్తికి నమలడం, మాట్లాడటం కష్టమవుతాయి. ముఖం రూపే మారిపోతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి జరిగిన ప్రయత్నాలను ఈ భాగంలో తెలుసుకుందాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) కందకాల నుంచి పోరాడిన సైనికులెందరికో ముఖాలు ఛిద్రమయ్యాయి. వారి కోసం 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో ప్రత్యేక ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడ హెరాల్డ్ గిల్లీస్ బృందం రోగి శరీరంలోని మరో చోటి నుంచి ఎముక ముక్కను తీసి దవడలో అమర్చేది. అంటే ఒకచోటి లోటు తీర్చడానికి మరోచోట కోయక తప్పలేదు.

రెండో మార్గం కాలి ఎముకల చికిత్స నుంచి వచ్చింది. తొడ ఎముకను కోసి, లాగి, పొడవు పెంచిన ఫలితాలను ఇటలీ వైద్యుడు అలెస్సాండ్రో కొడివిల్లా 1905లోనే ప్రకటించారు. దీనికి నమ్మదగిన పద్ధతిని 1950వ దశకం నుంచి సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతంలో గావ్రీల్ ఇలిజరోవ్ రూపొందించారు. ఆయన పరికరంలో లోహ వలయాలు, సన్నని తీగలు ఉంటాయి. ఎముకను కోసి, కొన్ని రోజులు ఆగి, రెండు కొనలను రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున దూరం జరుపుతారు. ఆ సందులో కొత్త ఎముక పెరుగుతుంది. పెద్ద ఖాళీ ఉంటే ఒక కొన నుంచి చిన్న ముక్కను వేరుచేసి, ఖాళీ గుండా నెమ్మదిగా అవతలి కొనకు జరుపుతారు. దాని వెనుక కొత్త ఎముక ఏర్పడుతూ వస్తుంది.

ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఈ పద్ధతి పశ్చిమ దేశాలకు ఆలస్యంగా చేరింది. 1980లో ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి కుర్గాన్‌లో కాలికి చికిత్స పొందారు. మరుసటి ఏడాది ఇలిజరోవ్ ఇటలీలో ప్రసంగించారు. దవడ విషయానికి వస్తే, 1973లో కుక్క దవడపై ప్రయోగం జరిగింది. 1992లో న్యూయార్క్ వైద్యుడు జోసెఫ్ మెకార్తీ బృందం నలుగురు పిల్లల దవడలను 18 నుంచి 24 మిల్లీమీటర్ల వరకు పొడిగించినట్లు ప్రకటించింది. తరువాత నోటి లోపలే అమర్చే చిన్న పరికరాలు వచ్చాయి.

అయితే పాత మార్గం అంతరించలేదు. 1989లో డేవిడ్ హిడాల్గో మోకాలి కింది సన్నని ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి దవడను నిర్మించే పద్ధతిని వివరించారు. పెద్ద ఖాళీలకు నేటికీ దీనినే ఎక్కువగా వాడుతున్నారు.

మీరు గ్రహించవలసిన అంశం ఇది: దవడను నింపే ఎముకను పరికరం తయారుచేయదు, శరీరమే తయారుచేస్తుంది. పరికరం దానికి కావలసిన చోటును, వ్యవధిని మాత్రమే ఇస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కాలికి ఉపయోగపడిన పద్ధతి దవడకు చేరడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. ఇందుకు వైద్యపరమైన కారణాలే కాక రాజకీయ కారణాలు కూడా ఉన్నాయా? మీ మాటల్లో చర్చించండి.