కర్కుమిన్ - ఆహార పూరకాల నుండి శుద్ధి, విశ్లేషణ

కర్కుమిన్ పసుపు కొమ్ములకు రంగునిచ్చే ప్రధాన రసాయనం. ఇది పాలీఫినాల్ వర్గానికి చెందినది. దీని అణువులో 21 కార్బన్, 20 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు కలవు. అణుభారం 368.4. నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్లలో అమ్ముడయ్యే ఎండు పసుపులో ఇది కొద్ది శాతమే ఉండగా, సప్లిమెంట్ల పేరుతో వచ్చే క్యాప్సూళ్ళలో గాఢంగా ఉంటుంది. అందుచేత ప్రయోగశాలలో దీనిని వేరుచేయడానికి క్యాప్సూళ్ళు అనువైన ముడిపదార్థం.

చరిత్ర

1815లో వోగెల్, పెల్లెటియర్ పసుపు నుండి ఈ రంగు పదార్థాన్ని వేరుచేశారు. దీని నిర్మాణం 1910లో గాని తెలియలేదు.

చీటీపై అంకె

"95 శాతం కర్కుమిన్" అని చీటీపై ఉన్నా, ఆ అంకె సాధారణంగా మూడు పదార్థాల మొత్తం. అవి కర్కుమిన్, డిమిథాక్సీకర్కుమిన్, బిస్‌డిమిథాక్సీకర్కుమిన్. వాణిజ్య సరుకులో వీటి పాళ్ళు సుమారు 77, 17, 3 శాతం. అనగా 500 మిల్లీగ్రాముల సారంలో అసలు కర్కుమిన్ 400 మిల్లీగ్రాములకు లోపే. ఒక పరిశోధనలో "కర్కుమిన్" వాడామని చెప్పినప్పుడు ఏది వాడారన్న ప్రశ్న ఇందువల్లనే వస్తుంది.

శుద్ధి

క్యాప్సూల్‌లోని పొడిని ఇథనాల్‌లో కలిపి వడపోస్తారు. సెల్యులోజ్ వంటి పూరక పదార్థాలు వడపోత కాగితంపై మిగిలిపోతాయి. ద్రావణిని ఆవిరిచేసి, మిగిలిన నారింజ రంగు ముద్దను సిలికా జెల్ నింపిన గొట్టంలో పోసి, కొద్దిగా మిథనాల్ కలిపిన క్లోరోఫాంతో కిందికి నడిపిస్తారు. అప్పుడు మూడు పసుపు పట్టీలు విడివడతాయి. ముందుగా దిగేది కర్కుమిన్. దీనిలోని రెండు మిథాక్సీ సమూహాలు పక్కనున్న హైడ్రాక్సిల్ సమూహాలతో హైడ్రోజన్ బంధం ఏర్పరచుకొనుట వలన సిలికా దీనిని గట్టిగా పట్టుకోలేదు. ఆ సమూహాలు రెండూ లేని బిస్‌డిమిథాక్సీకర్కుమిన్ చివరకు దిగుతుంది. మిరియాల నుండి వచ్చే పైపరిన్ కూడా కలిపి ఉంటే, అదీ ఇథనాల్‌లో కరిగి వెంట వస్తుంది. దానిని అతినీలలోహిత దీపం కింద గుర్తించవచ్చును.

పనంతా వెలుగు తగలకుండా, క్షారం కలవకుండా చేయాలి. పసుపులో సున్నం కలిపి పారాణి చేసినప్పుడు వచ్చే ఎరుపు, క్షారంలో కర్కుమిన్ పొందే మార్పే. చూడముచ్చటగా ఉన్నా, ఆ స్థితిలో అణువు త్వరగా విచ్ఛిన్నమవుతుంది.

విశ్లేషణ

శుద్ధ కర్కుమిన్ సుమారు 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. మిథనాల్‌లో 425 నానోమీటర్ల చెంత కాంతిని అత్యధికంగా శోషిస్తుంది. మిగిలిన రెండూ దాదాపు అక్కడే శోషిస్తాయి కనుక, ఈ కొలత మొత్తాన్ని మాత్రమే చెప్పగలదు. విడివిడి పాళ్ళకు అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీ తప్పదు. ఇందులో వాడే సి-18 గొట్టంలో క్రమం తలకిందులై కర్కుమిన్ చివర వస్తుంది. సిలికా గొట్టానికి అలవాటుపడిన విద్యార్థులు ఇక్కడ తికమకపడుట సహజం.

మూడింటిలో కర్కుమిన్ ఒక్కటే కనిపిస్తే, అది కృత్రిమమేమోనని సందేహించవచ్చును. అయితే బాగా శుద్ధిచేసిన సహజ పదార్థమూ అట్లే కనిపిస్తుంది. పెట్రోలియం నుండి చేసినదానిలో కార్బన్-14 ఉండదు కనుక, ఆ పరీక్ష ఈ సందేహాన్ని తీరుస్తుంది. రంగు కోసం పసుపు పొడిలో కలిపే లెడ్ క్రోమేట్ ఇథనాల్‌లో కరగదు. అందువలన వడపోతలో మిగిలిన పొడిని పారవేయక సీసం కోసం విడిగా పరీక్షించాలి.

భద్రత

2019లో ఇటలీలో పసుపు పూరకాలు వాడిన కొందరికి కాలేయపు వాపు వచ్చినట్లు నమోదైంది. పైపరిన్ కర్కుమిన్ శోషణను పెంచడమే గాక, కొన్ని మందులు శరీరంలో విచ్ఛిన్నమయ్యే తీరును కూడా మార్చగలదు. కావున ఇతర మందులు వాడేవారు వైద్యుని సంప్రదించకుండా ఇట్టి క్యాప్సూళ్ళు వాడరాదు.